ఐసు ఫ్యాక్టరీలో రష్యా సయామా

నాకు పద్దెనిమిదేళ్ళు నిండిన ఎండాకాలంలో రంగూన్ యూనివర్సిటీ మూసేశారు. విద్యార్థులకీ పోలీసులకీ గొడవైంది, కొందరు పిల్లలు చచ్చిపోయారు, మిగతా వాళ్ళని ఇళ్ళకి పొమ్మన్నారు. నేను చేరి నాలుగు నెలలైనా కాలేదు. పుస్తకాలు మూటకట్టి అటక మీద పడేశాను. పొద్దున్న కుళాయి దగ్గర నీళ్ళు పట్టడం, మధ్యాహ్నం నాన్నకి కేరియర్ పట్టుకెళ్ళడం, అంతే నా పని.

నాన్న నది ఒడ్డున ఉన్న సర్కారు ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రి. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి అదే ఒడ్డున బస్తాలు మోశాడు. నాన్న చిన్నప్పుడు ఐసు దిమ్మలు మోసి, పెద్దయ్యాక ఐసు చేయించే పనిలోకి వచ్చాడు. అవతలి ఒడ్డున దలా అనే ఊరు. అక్కడి జాలర్లు తెల్లారగట్ల పడవలేసుకుని వచ్చి, దిమ్మలని ఊకలో కప్పుకుని పట్టుకుపోయేవారు. రంగూన్లో ఎవరు చేప తిన్నా అందులో మా నాన్న ఐసు కొంత ఉందని అమ్మ గొప్పగా చెప్పేది.

నా గురించి మాత్రం అమ్మ ఏ గొప్పా చెప్పేది కాదు. నేను అయిదడుగుల తొమ్మిదంగుళాలు. మా లైను ఇళ్ళలో మగవాళ్ళు కూడా నా చెవి దగ్గర ఆగిపోయేవారు. అమ్మ నా గౌను అంచు విప్పి దింపుతూ "ఒలే, ఇంక సాలే తల్లీ, ఆగిపోవే" అనేది, నేనేదో కావాలని పెరుగుతున్నట్టు.

ఆ ఏడు ఫ్యాక్టరీలో పెద్ద కంప్రెసర్ చెడిపోయింది. అది రష్యా వాళ్ళిచ్చిన యంత్రం, దాన్ని బాగు చెయ్యడానికి రష్యా నుంచే ఒక ఇంజనీరుని పంపించారు. ఆయనతో భార్య కూడా వచ్చింది. ఆ రోజుల్లో బర్మా తలుపులకి గడియ పెట్టుకుని కూచున్న ఇల్లు. బయటి వాళ్ళు రావడం తక్కువ, వచ్చిన వాళ్ళకి ఊరు దాటి పోవడానికి అనుమతి లేదు. ఆమె గెస్టుహౌసులో రెండు నెలలు కిటికీలోంచి చూసి చూసి విసుగెత్తి, మొగుడి వెనకే ఫ్యాక్టరీకి రావడం మొదలెట్టింది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, పొడుగు, నిటారైన మెడ. వచ్చే ముందు ఏడాది పాటు బర్మా భాష నేర్చుకుందట, రెండో తరగతి పిల్లలా ఒక్కో మాటా పేర్చి మాట్లాడేది. ఆమెని ఏమని పిలవాలో తెలీక అందరూ సయామా అన్నారు. బర్మాలో పంతులమ్మని అలాగే పిలుస్తారు. తరవాత అదే నిజమైంది.

మా ఫ్యాక్టరీలో రెండో నెంబరు కోల్డు రూము అని ఒకటుండేది. ఎగుమతి రొయ్యలు పెట్టడానికి కట్టారు. రొయ్యలు రావడం మానేసి ఏడాది దాటింది. నలభై అడుగుల పొడుగు, పాతిక అడుగుల వెడల్పు, గోడల నిండా గొట్టాలు. కంప్రెసర్ కాస్త తిరగడం మొదలెట్టాక ఇంజనీరు పరీక్ష కోసం ఆ గదికే చలి వదిలాడు. నేను కేరియర్ తెచ్చిన ఒక మధ్యాహ్నం, ఆ గది గుమ్మంలో సయామా నిలబడి మేనేజరుతో మాట్లాడుతోంది. మేనేజరు పాత మిలిటరీ కెప్టెను.

"ఈ నేల మీద నీళ్ళు పోయొచ్చా?" అని అడిగింది.

"ఎందుకు?"

"గడ్డ కట్టడానికి."

"గడ్డ కట్టించడానికి డబ్బాలున్నాయి కదా."

"డబ్బా కాదు. నేల గడ్డ కట్టాలి. దాని మీద నేను నాట్యం చేస్తాను."

మేనేజరు ఇంజనీరు వైపు చూశాడు. ఆయన బోల్టు బిగిస్తూ తల ఎత్తకుండానే, "ఖాళీ గదిని చల్లబరిస్తే అది పరీక్ష కాదు, యంత్రానికి బరువు కావాలి. నీళ్ళయినా సరే" అన్నాడు. మేనేజరు కాసేపు ఆలోచించి, యంత్ర పరీక్ష అని కాగితం రాసి సంతకం పెట్టాడు. నాట్యం అన్న మాట ఎక్కడా రాయలేదు.

నేల గడ్డ కట్టించే పని నాన్న మీద పడింది. నాన్నకి అదేం లెక్క! తూము రంధ్రానికి గోనెగుడ్డ కుక్కి, మట్టి మెత్తి, గొట్టం పెట్టి ఒక్కసారే నీళ్ళు వదిలేశాడు. మర్నాటికి గడ్డ కట్టింది కానీ తెల్లగా, బుడగలు బుడగలుగా, మధ్యలో పగులు. సయామా వంగి చేత్తో తడిమి, తల అడ్డంగా ఊపింది.

"వేడినీళ్ళు కావాలి. కొంచెం కొంచెం. పల్చగా" అంది.

ఆమె యాస నాన్నకి అందలేదు, నేను తెలుగులో చెప్పాను. నాన్న పకపకా నవ్వాడు.

"ముప్పై ఏళ్ళ నుంచి ఐసు సేస్తన్నాను నాను. నీళ్ళు మరగబెట్టి ఐసు సేస్తారేటే? ఈవిడికేటైనా మతి పోయిందేటి?"

"సెప్పింది సేసి సూడు నాన్నా. పోయేదేటుంది?"

బాయిలరు దగ్గర్నుంచి బకెట్లతో వేడినీళ్ళు తెచ్చి, ఆమె చూపించినట్టు గోనెసంచిని తడిపి నేల మీద ఈడుస్తూ ఒక పొర, అది గట్టిపడ్డాక ఇంకో పొర, అలా మూడు రోజులు వేశారు. నాలుగో రోజు పొద్దున్న నాన్న తలుపు తీసి లైటు వేశాడు. నేల అద్దంలా ఉంది. అడుగున సిమెంటులోని గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. నాన్న గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. వేడినీళ్ళలో గాలి ఉండదనీ, చల్లటి నేల మీద అవి సాఫీగా పరుచుకుంటాయనీ ఆమె చెప్పింది నేను తిప్పి చెప్పాను. "ముప్పై ఏళ్ళు తెల్ల ఐసు అమ్మేనే" అని మాత్రం అన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాటే అమ్మకి ఎంతో సంతోషంగా చెప్పాడు.

ఆ రోజు సయామా తోలుసంచిలోంచి తెల్లని బూట్లు తీసింది. అడుగున కత్తుల్లాంటి ఉక్కు పట్టీలు. పనివాళ్ళంతా భుజాల మీద గోనెసంచులు కప్పుకుని గోడల పక్కన నిలబడ్డారు. ఆమె ఒక్క తోపు తోసింది. అంతే, గది అవతలి కొసకి వెళ్ళిపోయింది. కాళ్ళు కదిలినట్టే లేదు. ఒక కాలి మీద ఒరిగి, గోడ ఇక తగులుతుందనగా వెనక్కి తిరిగి, అటు నుంచి వెనక నడకతో మా ముందుకొచ్చి ఆగింది. కింద చూస్తే ఐసు మీద ఒకే ఒక సన్నని వంపు గీత. మా మెషిన్ రూము ముసలాయన, అందరూ ఊలే అని పిలిచే బర్మా పెద్దాయన, వక్క నమలడం ఆపేశాడు.

ఆమె గోడ పక్కన వాళ్ళందరినీ ఒకసారి చూసి, నా దగ్గర ఆగి, తల పైకెత్తింది.

"నువ్వు. రేపు రా" అంది.

ఆమెది జంటగా చేసే నాట్యం. ఐస్ డాన్స్ అంటారు. అందులో పెద్ద గెంతులుండవు, మగాడు ఆడమనిషిని తల మీదకి ఎత్తకూడదు, ఇద్దరూ ఎక్కువసేపు విడిపోకూడదు. జడ్జీలు చూసేది పాదాలనీ, మోకాళ్ళ వంపునీ, ఇద్దరి మధ్య ఉన్న జానెడు ఖాళీనీ. జంటలో పొడుగు మనిషి మగాడు కావాలి. అలా నేను మగాణ్ణయ్యాను.

బూట్లు పెద్ద సమస్య అయ్యాయి. ఆమె పాతజత నాకు పట్టలేదు. ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మావయ్యకి కబురు పెట్టాం. ఆయన అరిగిపోయిన స్ప్రింగు పట్టా ముక్క తెచ్చి, రెండు పట్టీలు కోసి, పదునుపెట్టి, సంతలో కొన్న మిలిటరీ బూట్లకి బిగించి పట్టుకొచ్చాడు. పదును ఎంత పెట్టాడంటే వాటితో కొబ్బరికాయ నరకొచ్చు. సయామా వేలితో చూసి నవ్వింది. కత్తిలా ఒక అంచు కాదు, మధ్యలో సన్నని గాడి ఉండాలి, గాడికి ఇటో అంచు అటో అంచు ఉండాలి, నాట్యమంతా ఆ రెండంచుల మీదే అని ఇసకలో పుల్లతో గీసి చూపించింది. మావయ్యకి అది నచ్చింది.

"రైలు సక్రానికి ఒక్కటే అంచు. దీనికి రెండా! అయితే ఇది రైలు కంటే పెద్ద పని" అన్నాడు. వారంలో గుండ్రటి ఆకురాయితో గాడి తీసి తెచ్చాడు.

మొదటి పదిహేను రోజులు నేను నేర్చుకున్నది పడడం ఒక్కటే. ముందుకి పడడం, వెనక్కి పడడం, సయామాని పట్టుకుని ఇద్దరం కలిసి పడడం. ఒంటి నిండా గాయాలు. అమ్మ పసుపు రాస్తూ తిట్టేది, తిడుతూనే నా చలికి పాత దుప్పటి కోసి చొక్కా కుట్టింది. బయట వైశాఖం ఎండ మాడిపోతుంటే నేను చలిగుడ్డలు మూటకట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళడం చూసి లైను వాళ్ళు, యూనివర్సిటీ మూసేశాక ఈ గుంటకి పిచ్చెక్కిందన్నారు. పదహారో రోజున కుడికాలి బయటి అంచు మీద ఒరిగి, పడకుండా, ఒక అరచక్రం తిరిగాను. నా అంత పొడుగు మనిషి అంత తేలిగ్గా తిరగొచ్చని నాకు అప్పుడే తెలిసింది. నవ్వు ఆగలేదు. ఆ చలిలో పళ్ళు జివ్వుమనేదాకా నవ్వాను.

విశ్రాంతికి బయటకొచ్చి మెట్ల మీద కూచునేవాళ్ళం. ఒక్క నిమిషంలో చలి పోయి చెమట పట్టేది. టీకొట్టు నుంచి తెచ్చిన టీ తాగుతూ ఆమె తన కథ ముక్కలు ముక్కలుగా చెప్పేది.

చిన్నప్పుడు ఊపిరి జబ్బు పిల్లట. చల్లగాలి మంచిదని డాక్టరు చెబితే, ట్రాము నడిపే తల్లి ఆమెని నాలుగో ఏట ఐసు మైదానానికి తీసుకెళ్ళింది. తొమ్మిదో ఏట ఒక అబ్బాయితో జంట కట్టారు. మొదటి రెండేళ్ళూ ఇద్దరూ చేతులు పట్టుకోమని మొండికేశారట. పంతులమ్మ ఒక చేతిగుడ్డ ఇచ్చి, చెరో కొస పట్టుకోమంది. ఆ పంతులమ్మ బొచ్చుటోపీ ఎప్పుడూ తీసేది కాదట, తాళంచెవితో కటకటాల మీద కొడుతూ తాళం వేసేదట. పోటీల్లో ముందు అన్ని జంటలూ ఒకే నాట్యం చెయ్యాలి, వాల్ట్జ్ అనే మూడడుగుల నాట్యమైతే అందరూ వాల్ట్జే. బళ్ళో అందరూ ఒకే పద్యం అప్పజెప్పినట్టు. ఆ తరవాతే ఎవరి సొంత నాట్యం వాళ్ళది. ఆరుకి ఇన్నని మార్కులేస్తారు.

"నా వయసంతా అయిదుకీ ఆరుకీ మధ్యే గడిచిపోయింది" అంది.

దేశం మొత్తమ్మీద పోటీల్లో మొదట పదకొండో స్థానం, తరవాత ఎనిమిది, ఆరు, చివరికి నాలుగు. నాలుగు దగ్గర ఆగిపోయారు. దేశం బయటికి పంపేది మూడు జంటల్నే. ఒక్క ఏడాది మూడో జంటలో అమ్మాయికి గవదబిళ్ళలు వచ్చి వీళ్ళని పంపారు. అక్కడ తొమ్మిదో స్థానం వచ్చింది.

"తొమ్మిదో స్థానం!" అని చెబుతున్నప్పుడు ఆమె మొహం చూడాలి. రాజ్యం గెలిచినట్టుంది. "ఒక జడ్జి అయిదు పాయింటు ఏడు వేశాడు. నేనా అంకె మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. హోటల్లో నారింజరసం అడిగినంత ఇచ్చారు. నేను ఆరు గ్లాసులు తాగాను."

ఇరవై మూడో ఏట ఆ జంట విడిపోయింది. ఆమె బాగా పొడుగు, పక్కన అతను చిన్నగా కనిపిస్తున్నాడని పెద్దలు అన్నారు. చిన్నపాటి అమ్మాయిని వెతికి అతనికి జత చేశారు. మరుసటి చలికాలం ఆ కొత్త జంటకి మూడో స్థానం వచ్చింది.

"చూశావా?" అని అడిగాను.

"టీవీలో చూశాను. చప్పట్లు కొట్టాను."

"నిజంగా కొట్టావా?"

"మొదటి ఏడాది కొట్టలేదు. రెండో ఏడాది కొట్టాను."

ఆ తరవాత చిన్నపిల్లలకి నేర్పింది, ఇంజనీరుని చేసుకుంది. ఆయన ఆమె భుజం దాకా వస్తాడు, ఐసు మీద నిలబడమంటే దణ్ణం పెట్టేస్తాడు. పాత జంట విడిపోయిన ఏడాది పోటీల కోసమని ఒక నాట్యం తయారైంది, నాలుగు నిమిషాల వాల్ట్జ్. దాన్ని ఎవరి ముందూ ఒక్కసారీ చెయ్యలేదు. ఇద్దరి అడుగులూ ఆమెకి పదిహేనేళ్ళుగా గుర్తున్నాయి.

"నిన్ను చూడాలంటే మెడ ఎత్తాలి. అందుకే పిలిచాను" అంది.

ఆ నాట్యం నేర్చుకోవడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది. టేపురికార్డరు చలికి మొరాయించి పాట సాగదీసేది. దాన్ని దుప్పట్లో చుట్టి, పక్కన వేడినీళ్ళ సీసా పెట్టేవాళ్ళం. అడుగులు నాకు అంకెల్లో ఎక్కలేదు. ఒకరోజు నాన్న తలుపు దగ్గర నిలబడి విని, "ఒకటి రెండు మూడు ఏటే? అది తకిట కదా!" అన్నాడు. నాన్న మా వాళ్ళ తప్పెటగుళ్ళ జట్టుకి నాయకుడు. రొమ్ము మీద రేకు తప్పెట కట్టుకుని గుళ్ళో పండక్కి వాయిస్తూ గెంతుతుంటే చూడాల్సిందే. తకిట తకిట అని నాన్న అరచేత్తో తలుపు మీద వేశాడు. నా కాళ్ళు వాటంతటవే తిరిగాయి. సయామా కూడా ఆ మాట నేర్చేసుకుంది. ఆమె నోట్లో అది "తాకితా" అయ్యేది.

ఈలోగా ఊరు మారిపోతోంది. మళ్ళీ గొడవలు, కర్ఫ్యూ, బియ్యం ధర. ఎనిమిదో నెల ఎనిమిదో తారీఖున ఊరంతా సమ్మె. మా ఫ్యాక్టరీ వాళ్ళు గోనెసంచి మీద ఎర్రరంగుతో రాసిన బేనరు పట్టుకుని బయల్దేరారు, నాన్నా నేనూ కూడా వెళ్ళాం. అంతమంది మనుషుల్ని నేనెప్పుడూ చూడలేదు. డాబాల మీంచి నీళ్ళ పొట్లాలూ అన్నం పొట్లాలూ విసిరారు. బర్మా వాళ్ళు, మేము, చీనా వాళ్ళు, అందరిదీ ఒకే అరుపు. ఆ తరవాతి రోజుల్లో తుపాకులు పేలాయి. మా వెనక లైను అబ్బాయికి తొడలో గుండు తగిలింది. బతికాడు. బతకని వాళ్ళు చాలామంది. సమ్మెలో ఉన్నా నాన్న వాళ్ళు ఆసుపత్రి కోసం రోజూ ఐసు చేసి తోపుడుబళ్ళ మీద పంపించారు. ఆ ఐసు దేనికని నేను అడగలేదు, నాన్న చెప్పలేదు.

రెండు వారాలకి సైన్యం వెనక్కి తగ్గింది. అప్పుడొచ్చాయి ఆ మూడు వారాలు. జీవితంలో అలాంటి రోజులు నేను మళ్ళీ చూడలేదు. ప్రతి వీధి మొగలో ఎవరో ఒకరు బల్లెక్కి మాట్లాడేవారు. చేతిరాత పేపర్లు వచ్చాయి. వీధులకి వెదురు కంచెలు కట్టి మా కాపలా మేమే కాసుకున్నాం. మేనేజరు ఎటో వెళ్ళిపోయాడు. ఫ్యాక్టరీని పనివాళ్ళ కమిటీ నడిపింది. ఒకరోజు సయామా నాలుగు వీధులు నడిచి వచ్చింది. వారంలో తమని విమానం ఎక్కించేస్తారట. ఆ గదికి ఇంక ఒక్క రోజు చలి ఇస్తారా అని కమిటీని అడిగింది.

కమిటీ ఐసు తొట్ల పక్కనే కూచుంది. వెల్డరు కుర్రాడొకడు, సమ్మెలో అందరికంటే ముందు నడిచినవాడు, లేచాడు.

"ఇన్నాళ్ళూ మన నెత్తినెక్కిన పెద్దమనుషులకి వీళ్ళు స్నేహితులు. జనం చస్తుంటే మన కరెంటుతో నాట్యమా?"

నాన్న మాట్లాడలేదు, కూతురి విషయం కదా. నేనే లేచి నిలబడ్డాను. నేను నిలబడితే అందరూ చూస్తారు, ఆ ఒక్క సుఖం ఉంది.

"ఈమెని వాళ్ళ పెద్దమనుషులూ పక్కన పెట్టేశారు. ఈమె నాలుగో స్థానం" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచక కూచున్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. ఊలే వక్క ఉమ్మి వచ్చి, "ఇరవై ఆరేళ్ళుగా ఈ యంత్రం నడుపుతున్నాను. దీని చలి చేపలు చూశాయి, రొయ్యలు చూశాయి. నా పెళ్ళాం చూడలేదు. నా మనవలు చూడలేదు. ఒక్కరోజు మన వాళ్ళకి చూపిద్దాం. తరవాత ఆపేద్దాం" అన్నాడు.

చేతులు లేచాయి. వెల్డరు కుర్రాడు అందరికంటే చివర ఎత్తాడు, కానీ షరతు పెట్టాడు. "టిక్కెట్టు లేదు. ముందు వరస లేదు. ఎవరికీ కుర్చీ లేదు."

రాత్రంతా నాన్న వాళ్ళు వేడినీళ్ళ పొరలు వేసి నేల గడ్డ కట్టించారు. మర్నాడు మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ ముందు తిరునాళ్ళలా ఉంది. లైను ఇళ్ళ వాళ్ళంతా వచ్చారు, దలా జాలర్లు పడవలు కట్టేసి వచ్చారు. గది అందర్నీ పట్టదని మూడు జట్లు చేశారు. దుప్పట్లు, గోనెలు, చాపలు, ఏది దొరికితే అది కప్పుకుని గోడలకి ఆనుకుని నిలబడ్డారు. పిల్లలు నోటి వెంట పొగ రావడం చూసి వెర్రెత్తిపోయారు. పుట్టి బుద్ధెరిగి తమ ఊపిరి తాము చూడలేదు కదా. ఆడవాళ్ళు కూడా గుప్పుగుప్పున వదిలి నవ్వుకున్నారు.

అప్పుడు చూస్తే టేపురికార్డరులో బేటరీలు అయిపోయాయి. సమ్మెలో దుకాణాలన్నీ మూత. సయామా మొహం వాడిపోయింది. నాన్న బయటికెళ్ళి, తన జట్టులో నలుగుర్ని పోగేసి, ఇంటి నుంచి తప్పెటలు తెప్పించాడు. గోనెసంచి మీంచి తప్పెట కట్టుకుని నిలబడి, ఆమె వైపు చూసి, "సయామా, తకిట?" అన్నాడు.

ఆమె పెద్దగా నవ్వి, "తాకితా" అంది.

తప్పెటలు మొదలయ్యాయి. నేను ఆమె నడుం పట్టుకున్నాను, ఆమె నా భుజం మీద చెయ్యేసింది. మెడ ఎత్తింది. బయల్దేరాం. మొదటి నిమిషం నాకు ఏమీ గుర్తులేదు, తకిట తప్ప. తరవాత ఒక్కో మొహమూ కనిపించసాగింది. నోరు తెరిచిన అమ్మ, మావయ్య, ఊలే పెళ్ళాం. మధ్యలో ఒక మలుపు ఉంది, నేను వెనక్కి పోతూ ఆమెని నా చుట్టూ తిప్పాలి. అక్కడ నా మడమ జారింది. ఇద్దరం కూలబడి, కూలబడ్డవాళ్ళం కూలబడ్డట్టే జర్రున గది కొస దాకా జారిపోయి, నాన్న కాళ్ళ దగ్గర ఆగాం. నాన్న తప్పెట ఆపలేదు. గదంతా ఒక్కసారి గోలగోలగా చప్పట్లు కొట్టింది. అది నాట్యంలో భాగమనుకున్నారు! సయామా ఐసు మీద కూచునే కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. లేచి మిగతాది పూర్తి చేశాం.

రెండో జట్టు లోపలికి వచ్చేసరికే ఆ కబురు అందింది. ఈసారి నేను పడలేదు. నాట్యం అయిపోయాక ఎవరూ కదల్లేదు.

"జారేది ఏదీ? వాళ్ళకి చూపించి మాకు చూపించరా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

సయామా నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. కావాలని పడ్డాం. కావాలని పడితే దెబ్బ ఎక్కువ తగులుతుందని అప్పుడే తెలిసింది. మూడో జట్టు జాలర్లది, వాళ్ళు ఒకటికి రెండుసార్లు పడమన్నారు. ఆఖరికి వెల్డరు కుర్రాడు కూడా చెప్పులతో ఐసు మీదకి దిగి, రెండడుగులేసి, చతికిలబడ్డాడు. వాడి వెనక పిల్లలు దిగారు. తరవాత ఎవరు ఆడుతున్నారో ఎవరు చూస్తున్నారో తెలీలేదు. పొద్దువాలే వేళకి ఊలే యంత్రం ఆపేశాడు.

నాలుగు రోజులకి సయామా వెళ్ళిపోయింది. మా ఇంటికొచ్చి చెప్పి వెళ్ళింది. అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే అమ్మే సిగ్గుపడి కౌగలించుకుంది. గెస్టుహౌసు దాకా నేను తోడెళ్ళాను. దారిలో మూడు వెదురు గేట్లు, మూడింటి దగ్గరా కర్రలు పట్టుకున్న కాపలా కుర్రాళ్ళు "ఐసు సయామా" అంటూ తీసి పంపారు. ఇంజనీరు పెట్టెలు కారులో పెడుతున్నాడు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "ఎడమ మోకాలు ఇంకా వంచాలి" అంది. నేను సరేనన్నాను. కారు మలుపు తిరిగాక ఏడ్చాను. ఏడుస్తూ ఇంటికి నడిచాను. మూడో గేటు దగ్గర కుర్రాళ్ళు టీ ఇచ్చి కూచోబెట్టారు.

పది రోజులకి సైన్యం మళ్ళీ దిగింది. వెదురు గేట్లు పీకేశారు. వెల్డరు కుర్రాడు థాయ్ సరిహద్దు వైపు పోయాడని విన్నాం, తరవాత ఏ కబురూ లేదు. కమిటీలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కర్నీ పిలిచి అడిగారు. నాన్నని పిలిచిన ఆఫీసరు, తప్పెటలు పెట్టి ఫ్యాక్టరీలో ఏ మీటింగు పెట్టారో చెప్పమన్నాడట.

"మీటింగు కాదండి. డేన్సు."

"కోల్డు రూములోనా?"

"ఐసు మీదండి."

"నన్ను వెర్రివాణ్ణనుకుంటున్నావా?"

నాన్నకి భయంలో ఏం చెయ్యాలో తెలీలేదు. బూట్లు విడిచి, ఆ ఆఫీసు నున్నటి గచ్చు మీద మేజోళ్ళ కాళ్ళతో జర్రున జారి చూపించాడు. యాభై ఏళ్ళ మనిషి, నోటితో తకిట తకిట అంటూ. ఆఫీసరు మొహం తిప్పుకున్నాడట, భుజాలు కదిలాయట. ఇంక పొమ్మన్నాడు. నాన్న ఇంటికొచ్చి అది మాకు మళ్ళీ చేసి చూపిస్తుంటే అమ్మ నవ్వాలో ఏడవాలో తెలీక గరిటె పట్టుకుని నిలబడిపోయింది. నాన్నని మేస్త్రి పని నుంచి దింపి ఏడాది పాటు తన్లిన్ గోదాముకి మార్చారు. రోజూ నది దాటి వెళ్ళొచ్చేవాడు, గొణిగేవాడు, కానీ ఇంటికి మాత్రం వచ్చేవాడు. ఆ ఏడు మేం అడిగింది అంతకంటే ఏమీ లేదు.

యూనివర్సిటీ ఏళ్ళ తరబడి తెరవలేదు. ఫ్యాక్టరీలో చాలామందిని తీసేయడంతో మనుషులు చాలక, ఊలే నన్ను మెషిన్ రూములో గేజీలు చూసే పనికి పెట్టించాడు. అయిదు నెలలు అక్కడక్కడే తిరిగాను కదా, ఏ ముల్లు ఎక్కడ ఆగాలో నాకు అప్పటికే తెలుసు. ఆ గదిలో పనిచేసిన మొదటి ఆడమనిషిని నేనే. పైన గేజీ చూడడానికి మిగతావాళ్ళు స్టూలెక్కేవారు, నాకు అక్కర్లేదు.

రొయ్యలు మళ్ళీ రావడం మొదలయ్యాయి. తొక్క తీసే ఆడవాళ్ళు నలభై మంది దాకా వచ్చారు, బర్మా వాళ్ళూ మన వాళ్ళూ. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ వాళ్ళల్లో ఒకావిడ నా దగ్గరికి వచ్చి, "ఆ రోజు నువ్వు చేసిన నాట్యం మాకూ నేర్పుతావా? ఐసు లేకపోతే రాదా?" అని అడిగింది. నేల అంతా రొయ్యల నీళ్ళతో తడిగా, జారుడుగా ఉంది. అందరి కాళ్ళకీ రబ్బరు బూట్లు. రాకపోవడమేమిటి అన్నాను. ఇద్దరిద్దర్ని జంటలు కట్టించి, పొడుగు వాళ్ళని మగాళ్ళని చేసి, మోకాళ్ళు వంచమని చెప్పి, అరచేత్తో బల్ల మీద తాళం మొదలెట్టాను.